హోర్దీ గుండె జబ్బు

పంతొమ్మిదేళ్లకే హోర్దీ స్కిబా బెరెజివ్ చక్కెర మిల్లు ఫుట్‌బాల్ జట్టుకి ఫార్వర్డు. అతని ఆట చూడడానికి కార్మికులు షిఫ్టులు మార్చుకుని మరీ వచ్చేవాళ్లు. ఆ వసంతంలో ల్వీవ్ నగరం నుంచి ఒక పెద్ద క్లబ్బు మనిషి వచ్చాడు. హోర్దీ రెండు గోల్స్ కొడితే చెయ్యి కలిపి, వారంలో కబురు చేస్తానన్నాడు.

కబురు కోచ్ మిరోన్ పెత్రోవిచ్ మేనల్లుడికి, అదే జట్టులో ఆడే రుస్లాన్‌కి వచ్చింది.

తర్వాత ఏ ఊరు వెళ్లినా హోర్దీని ఒకరోజు ఆడించి, మళ్లీ చూద్దామని పంపేసేవారు. చివరికి ఒక మేనేజరు ఉన్న మాట చెప్పేశాడు.

"నీకు గుండె జబ్బటగా. మైదానంలో పడిపోతే మా మెడకి చుట్టుకుంటుంది."

"ఎవరన్నారు?"

"మీ కోచే."

హోర్దీ పరీక్ష చేయించుకున్నాడు. గుండె దిట్టంగా ఉందని రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని వెళ్తే, మిరోన్ బెంచీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. కాగితం చూడనైనా చూడలేదు.

"రుస్లాన్‌కి తండ్రి లేడురా. నీకు ఒంట్లో బలముంది, ఎక్కడైనా బతికేస్తావు."

కోచ్ మాట ముందు ఆ కాగితాన్ని ఏ క్లబ్బూ నమ్మలేదు. హోర్దీ ఆరేళ్లు రంపపు మిల్లులో దుంగలు మోశాడు. ఆదివారాలు బురద మైదానాల్లో పల్లె జట్లకి ఆడాడు. తల్లి స్తెఫా సూప్ గిన్నె ముందు పెట్టి, "పోనీ, మర్చిపోరా" అనేది.

"తిండి పెట్టమ్మా. ఆ మాట మాత్రం అనకు," అనేవాడు.

ఇరవై అయిదో ఏట కమ్యానెత్స్‌లో ఒక బక్క జట్టు, గతిలేక, ఏ కాగితమూ అడక్కుండా చేర్చుకుంది. మూడేళ్లలో లీగు మొత్తానికి ఎక్కువ గోల్స్ అతనివే. ఆ సీజన్ ఆఖరి మ్యాచ్ బెరెజివ్‌లో పడింది. డ్రా చేసుకుంటే బెరెజివ్ లీగులో నిలబడుతుంది, ఓడితే కిందికి పోతుంది.

"గుండె జాగ్రత్తరా హోర్దీ," అని పాత జనమే ఎగతాళి చేశారు.

అరగంటలో రెండు కొట్టాడు. రెండోది పడగానే నేరుగా బెరెజివ్ బెంచీ మీదున్న మిరోన్ ముందుకెళ్లి చొక్కా ఎత్తాడు.

"చెయ్యి పెట్టి చూడండి మిరోన్ పెత్రోవిచ్. కొట్టుకుంటోందా?"

రిఫరీ పసుపు కార్డు చూపించాడు. చివర్లో పెనాల్టీ దొరికితే, కెప్టెన్ అడిగినా హోర్దీ బంతి ఇవ్వలేదు. అదీ తనే కొట్టాడు. బెరెజివ్ కిందికి పోయింది.

నెల తిరక్కుండా మిల్లువాళ్లు జట్టునే ఎత్తేశారు. జట్టు బట్టలు, ఒకప్పుడు హోర్దీవి కూడా, ఉతికిన పరాస్కా సంతలో ఎదురై అతన్ని ఆపేసింది.

"నా పనీ పోయిందిరా. నీకేమీ అనిపించట్లేదా?"

"నీ గురించి బాధగానే ఉంది అత్తా. ఆ గోల్స్ గురించి మాత్రం లేదు."

శరత్కాలంలో మిరోన్ కమ్యానెత్స్‌కే వచ్చాడు, చిన్నపిల్లల జట్టుకి కోచ్ కావాలన్నారని. క్లబ్బు అధ్యక్షుడు హోర్దీని లోపలికి పిలిచాడు.

"ఈయనకి ఆట తెలుసా?"

"తెలుసు. నాకు నేర్పిన వాళ్లలో ఈయనకి మించినవాడు లేడు."

"మరి తీసుకోమంటావా?"

"తీసుకోండి. రేపటి నుంచి నేను రాను."

తలుపు తెరిచే ఉంది. వరండాలో మిరోన్‌కి అంతా వినబడింది. హోర్దీ బయటికి రాగానే మెల్లగా అడిగాడు.

"నీకు బంతి తన్నడం నేర్పింది నేనే కదరా?"

"అవును. మూడూ మీరు చెప్పినట్టే కొట్టాను."

మిరోన్ టోపీ పెట్టుకుని మెట్లు దిగి బస్టాండు వైపు నడిచాడు. హోర్దీ కిటికీ దగ్గర నిలబడి, ఆయన కనుమరుగయ్యేదాకా తనివితీరా చూశాడు.