నేను చూడలేదన్న తెరచాప

శత్రువు ఓడ లొంగిపోయి జెండా దించే సమయానికి మన ఇంగ్లండు రాజుగారి ఓడ ఇంకేదైనా కనుచూపు మేరలో ఉంటే చాలు, పట్టుబడిన సొమ్ములో దానికీ వాటా ఇవ్వాలి. వాళ్ళు ఒక్క గుండు పేల్చక్కర్లేదు. అంతకుముందు రెండు ఓడల సొమ్ము మాకు అలాగే సగం ఎగిరిపోయింది. కెప్టెను, ఆఫీసర్లు పెద్ద వంతులు పట్టుకుపోగా మిగిలిందే మా నూట యాభైమందికి. అందులో మళ్ళీ సగమంటే కడుపు మండదా?

ఆ రోజు పొద్దుట్నుంచీ చక్కెర మూటల ఫ్రెంచి ఓడనొకదాన్ని తరుముతున్నాం. కాపలాకి తెరచాప స్తంభం ఎక్కబోతున్నాను.

"ఈసారి వాటా వస్తే నన్ను ఇంటికి పంపేస్తావుగా అన్నయ్యా?" అన్నాడు మా తమ్ముడు పెట్రాక్. మమ్మల్నిద్దర్నీ రేవులో బలవంతంగా పట్టుకొచ్చి ఈ యుద్ధ ఓడ కొలువులో వేశారు. ఇద్దరు బదులు మనుషుల్ని కొనిపెడితే ఒకణ్ణి వదిలేస్తారు. వాణ్ణి విడిపించాలన్నదే నా పట్టుదల.

"ఇంకో తెరచాప కనబడిందని అరిచావో, నోట్లో గుడ్డ కుక్కుతాం రోయ్," అన్నాడు ముసలి పాస్కో. అందరం నవ్వాం.

మధ్యాహ్నం దక్షిణాన మసక మంచులో ఒక తెరచాప కనబడింది. ఆ నీళ్ళలో తిరిగేవి మనవే కదా, మనదే అయ్యుంటుంది అనుకున్నాను. అంత తెలివి నాది.

"పైన ఏమైనా కనబడుతోందా?" కింద నుంచి కెప్టెన్ కేకేశాడు.

"ఏమీ లేదండీ."

ఫ్రెంచివాళ్ళు జెండా దించారు. ఆ ఓడను మా రేవు ప్లిమత్ చేర్చమని కెప్టెన్ ఏడుగుర్ని దాని మీదికి పంపాడు. అందులో పెట్రాక్ ఒకడు. వెళ్తూ నాకేసి చెయ్యి ఊపాడు. మేం గస్తీకి ఉత్తరానికి తిరిగాం.

రెండు గంటల తర్వాత వెనక నుంచి ఫిరంగుల మోత వినబడింది. మేం తిరిగి వెళ్ళేసరికి, నేను చూసిన ఆ ఓడ ఫ్రెంచి జెండాతో పారిపోతోంది. మావాళ్ళు ఏడుగురిలో నలుగురే మిగిలారు. మిగిలినవాళ్ళలో పెట్రాక్ లేడు.

"నీకు కనబడిందా?" అన్నాడు పాస్కో. నేను పక్కనున్న తాడు చుట్టసాగాను. అతను మళ్ళీ అడగలేదు. నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నాను.

ప్లిమత్‌లో నా వాటాతోపాటు వాడి వాటా కూడా నా చేతిలోనే పెట్టారు. రెండూ కలిస్తే ఇద్దరు బదులు మనుషులకి సరిపోయేంత.

"అదృష్టవంతుడివయ్యా," అన్నాడు గుమాస్తా. "ఈసారి ఎవరికీ పంచక్కర్లేకపోయింది."

"అవునండీ," అన్నాను.