ఇసిద్రో బాత్రూంలో ఉన్నాడు

మా వైపు ఒంటరిగా ఉండటాన్ని జబ్బు కిందే లెక్కేస్తారు. జ్వరమొచ్చిన మనిషికి కషాయం పట్టుకొచ్చినట్టు ఒంటరి మనిషికి ఇంకో మనిషిని పట్టుకొస్తారు. రోగి ఒప్పుకున్నాడా లేదా అని ఎవరూ అడగరు.

సెబూ నగరం పక్కనే ఉన్న మక్తాన్ దీవిలో సముద్రం ఒడ్డున నేనీ ఫ్లాట్ కొనుక్కున్నది ఒకే ఒక్క కోరికతో. తలుపు మూశాక ఇవతల నేను తప్ప మరో ప్రాణి ఉండకూడదు. సముద్రం మీద మోజుతో కొనలేదు. ఉప్పుగాలికి కిటికీ గొళ్ళేలు తుప్పు పడతాయి, ఏసీ ముసలాడిలా దగ్గుతుంది, నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు నాచు కంపు ఐదో అంతస్తుదాకా ఎక్కి వస్తుంది. అన్నీ తెలిసే కొన్నాను. ఇంటికి నాలుగు వైపులుంటే, కనీసం ఒక వైపైనా పక్కింటివాళ్ళు ఉండరని హామీ ఇవ్వగలిగింది సముద్రం ఒక్కటే.

చిన్నప్పుడు మా సొంతూరు కర్కార్‌లో, మా ఇంట్లో అక్కచెల్లెళ్ళ మధ్య ఇరుక్కుని పడుకున్నాను. పెద్దయ్యాక సెబూ నగరంలో సన్యాసినుల కాలేజీ హాస్టల్‌కి వార్డెన్‌నై, వరసగా వేసిన మంచాల మధ్య జీవితం గడిపేశాను. అక్కడ నర్సింగ్ చదివే పిల్లలు వదిలేసి వెళ్ళిన మనస్తత్వశాస్త్రం పుస్తకాలన్నీ చదివాను. ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట పేలు చూసుకున్నట్టు, నాకు నా మనసులోకి వేళ్ళు పెట్టి వెతుక్కోవడం అప్పుడే అలవాటైంది. వెతగ్గా వెతగ్గా దొరికిందేమిటంటే, నాకు మనుషులంటే ద్వేషం లేదు. వాళ్ళు ఇంకోచోట ఉంటే చాలు.

ఫ్లాట్‌లో చేరిన రోజే టాకియా అక్క ఫోన్ చేసింది. కర్కార్ ఇల్లు నడిపేది ఆమే.

"తోడెవరున్నారు ఇందాయ్?"

"ఎవరూ లేరక్కా."

"అయ్యో."

ఆ 'అయ్యో'లో నా శవం మీద కప్పే గుడ్డ కూడా సిద్ధమైపోయింది. మర్నాడు పొద్దున్నే మా తమ్ముడి కూతురు జెన్‌లిన్ చాప, అన్నం కుక్కరు, ఫోన్ ఛార్జరు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"భయపడకత్తా. నేనొచ్చేశాగా."

"నేనెక్కడ భయపడ్డానే?"

"అదే మరి. భయపడేవాళ్ళు ఎప్పుడూ ఒప్పుకోరు."

ఆ మధ్యాహ్నమే అది ఎండుచేపలు వేయించింది. మా భవనంలో ఎండుచేపలు వేయించడం నిషేధం. కాసేపటికి వాచ్‌మన్ బెర్తో ముక్కుకి చేతిరుమాలు అడ్డుపెట్టుకుని పైకొచ్చాడు.

"మేడమ్, ఏడో అంతస్తువాళ్ళు ఏదో చచ్చిందంటున్నారండీ."

"రా అన్నయ్యా, తిందువుగాని," అంది జెన్‌లిన్.

"వద్దమ్మా, ఇప్పుడే తిన్నా."

"ఒక్క ముద్ద."

"నిజంగా వద్దమ్మా."

మూడోసారి పిలిచేసరికి బెర్తో టోపీ తీసి పక్కన పెట్టి కూర్చున్నాడు. ఏడో అంతస్తువాళ్ళకి, చచ్చిందేమిటో ఇంకా వెతుకుతున్నామని చెప్పాడట.

చుట్టాలు అట్టే రోజులు ఉండకూడదని భవనం సంఘం కొత్త నియమం పెట్టిందని అబద్ధమాడి జెన్‌లిన్‌ని పంపించాను. దాని చోటులోకి బెబాంగ్ పిన్ని వచ్చింది. నేను సాయంత్రం ఒడ్డున నడవడానికి వెళ్తే, ఆ కాసేపూ ఇంట్లో ఒక్కతే ఉండటం పిన్నికి భయం. అందుకని తన పొరుగామెను తోడు తెచ్చుకుంది. నా ఒంటరితనానికి మందు పిన్ని, పిన్ని ఒంటరితనానికి మందు ఆవిడ. ఇద్దరూ నా మంచం మీద పడుకుని జపమాల చెప్పుకునేవారు. నేను బాల్కనీలో కూర్చుని, ఆ పొరుగామె ఎవరిని తెచ్చుకుంటుందా అని ఆలోచించేదాన్ని.

పిన్ని మోకాళ్ళు ఈ తేమకి పట్టేసి, ఇద్దరూ వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయిన రోజు మళ్ళీ అక్క ఫోను. ఈసారి ఎవర్ని పంపాలో నిర్ణయమైపోయిందట.

"ఎవర్నీ పంపకక్కా. నాకు తోడు ఉంది."

అవతల ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. అక్క ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడుతుంది.

"ఎవరు? ఆడా, మగా?"

ఆడ అంటే గొడవే ఉండేది కాదు. అనలేదు. ఎందుకనలేదో నా పుస్తకాలు చెప్పగలవు గానీ నేను వాటిని అడగదలుచుకోలేదు.

"మగ."

"పేరు?"

బాల్కనీ ఎదురుగా, ఒరిగిపోకుండా రెండు పక్కలా వెదురు చేతులు చాపుకుని ఒక చేపల పడవ వెళుతోంది. దాని ముక్కు మీద ఆకుపచ్చ రంగుతో పేరు రాసి ఉంది.

"ఇసిద్రో."

"ఇంటిపేరో?"

పడవకి ఇంటిపేరు లేదు. "సిగ్నల్ సరిగ్గా లేదక్కా," అని పెట్టేశాను.

ఆ తర్వాత కొన్ని వారాలు నా జన్మలో ఎన్నడూ ఎరగనంత సుఖపడ్డాను. మాట్లాడకుండా ఒక రోజంతా గడిపి, చీకటిపడ్డాక గొంతు ఉందో పోయిందో చూసుకోవడానికి ఒక్కసారి దగ్గేదాన్ని. ఆకలేసినప్పుడు నిలబడే తినేదాన్ని. తలుపు తీసిపెట్టే స్నానం చేసేదాన్ని.

కానీ ఇసిద్రో పెరగడం మొదలుపెట్టాడు. నేను పెంచలేదు, కర్కార్ పెంచింది. ఆయన ఏం తింటాడని అడిగారు. ఆయనకేం వండాలో రోజూ చెప్పకుండా ఉంటారని, రక్తపోటు ఉంది, పెద్దగా తినడన్నాను. దానితో కర్కార్ నుంచి ప్రతివారం నాకు బస్సులో వచ్చే పందితోలు వేపుడు ఆగిపోయింది. నాకు ప్రాణం ఆ వేపుడంటే. ఆయన్ని ఒకసారి పిలవమన్నారు.

"బాత్రూంలో ఉన్నాడక్కా."

ఇంకోసారి ఫోన్ చేస్తే ఇంకోసారీ అదే చెప్పాను. మూడోసారి చెప్పేసరికి ఇంటిల్లిపాదీ కూర్చుని రోగనిర్ణయం చేశారు. బస్సులో ఆకుల మూట వచ్చింది. మరగబెట్టి పరగడుపున ఇమ్మని ఫోన్ చేసి మరీ చెప్పారు. మందు పారబోయడం పాపమని మా అమ్మ నేర్పింది. నేనే తాగాను. ఆ రోజంతా నేను బాత్రూంలోనే ఉన్నాను.

అసలు బాధ అది కాదు. ఒక ఉదయం లేచి చూసుకుంటే మంచానికి ఒక పక్కకి ఒదిగి పడుకుని ఉన్నాను. మార్కెట్లో మామిడికాయలు ఏరుతూ, పులుపు ఆయనకి పడదేమో అనుకున్నాను. వెంటనే ఒళ్ళు మండింది. నా ఇంట్లో, నేను కొన్న మంచం మీద, నేను పుట్టించిన మనిషికి నేను సర్దుకోవడమేమిటి? లేని స్నేహితుణ్ణి పిల్లలు ఊహించుకుంటే అది ఒంటరితనం వల్లని నా పుస్తకాల్లో రాశారు. ఉన్న ఒంటరితనాన్ని కాపాడుకోవడానికి ఊహించుకున్న ముసలిదాని గురించి ఎక్కడా ఒక్క పేరా లేదు.

వదిలించుకుందామా అంటే దారి కనపడలేదు. చచ్చిపోయాడంటే తొమ్మిది సాయంత్రాలు ప్రార్థనలు, నలభయ్యో రోజున మళ్ళీ భోజనాలు. కర్కార్ మొత్తం గిన్నెలతో సహా దిగుతుంది. చచ్చినవాడి తాలూకు ఆడదాన్ని ముఖం కడుక్కోవడానికైనా ఒంటరిగా పోనివ్వరు. వదిలేసి వెళ్ళిపోయాడంటే మరీ ప్రమాదం. చావు దుఃఖానికి నలభై రోజులని గడువైనా ఉంది, ఆ దుఃఖానికి గడువే లేదు.

ఇలా ఉండగా అక్క కబురు చేసింది. "ఆదివారం చర్చిలో పూజవగానే బస్సెక్కుతున్నా. ఆయన ఉద్దేశమేంటో నా మొహం చూసి చెప్పమను. పెళ్ళీ పెటాకులూ లేకుండా ఏంటిదంతా? ఫాదర్‌గారు అడుగుతున్నారు, నేనేం చెప్పను?"

ఇంట్లో ఎవరూ లేరని తెలిస్తే ఏం జరుగుతుందో నాకు స్పష్టంగా తెలుసు. ఒంటరితనం తలకెక్కిందంటారు. ఫ్లాట్ అమ్మించి, నన్ను తీసుకుపోయి కర్కార్ ఇంటి నడిగదిలో, అందరి కళ్ళూ పడేచోట మంచం వేస్తారు. పోయేదాకా ఆ మంచం చుట్టూ ఎవరో ఒకరు ఉంటారు.

శనివారం బజారుకెళ్ళి మగవాళ్ళ చెప్పులు, గడ్డం గీసుకునే బ్రష్షు, ఒక చొక్కా కొన్నాను.

"సార్‌ది ఏ సైజండీ?" అంది షాపు పిల్ల.

చాలాసేపు ఆలోచించాను. ఆ పిల్ల నావైపు జాలిగా చూసి, "కొత్తా అండీ?" అంది.

ఆదివారం అక్కకి ఎదురెళ్ళడానికి కిందికి దిగేసరికి ఆలస్యమైపోయింది. లిఫ్ట్ తలుపు తెరుచుకుంటుంటే అక్క గొంతు వినిపించింది. బుట్ట పక్కన పెట్టుకుని, విసనకర్రతో విసురుకుంటూ బెర్తో ఎదుట నిలబడింది.

"ఏం బాబూ, ఇసిద్రోగారు పైన ఉన్నారా?"

బెర్తో ఆ పేరు వినడం అదే మొదలు. కానీ ఎండలో బస్సు దిగి వచ్చిన పెద్దావిడ నోరారా అడిగితే తెలీదని అనేంత మొరటుతనం మా వైపు ఎవరికీ లేదు. దారి అడిగితే, తెలియనివాళ్ళు కూడా ఏదో ఒక దారి చూపిస్తారు.

"ఇప్పుడే బయటికెళ్ళారండీ," అన్నాడు.

"ఎలాంటి మనిషి?"

"మంచాయనండీ. వెళ్తూ వస్తూ నవ్వి పలకరిస్తారు."

"పొడుగా?"

ఏ జవాబు నచ్చుతుందోనని బెర్తో అక్క మొహం పరీక్షగా చూశాడు. "పొడుగేనండీ. మరీ పొడుగు కాదు లెండి."

మూసుకోబోతున్న లిఫ్ట్ తలుపుకి చెయ్యి అడ్డుపెట్టాను. ఆ తర్వాత వచ్చిన భావాన్ని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. అది అసూయ. ఇన్నాళ్ళుగా నా ఇంట్లో ఉంటూ, ఆ మనిషి నన్ను చూసి ఒక్కసారీ నవ్వలేదు.

పైకొచ్చాక అక్క ఇల్లంతా తిరిగింది. బ్రష్షు చూసింది. చొక్కా చూసింది. బాత్రూం తలుపు తట్టి మరీ తెరిచింది. ఆఖరికి గుమ్మం పక్కనున్న చెప్పుల్లో ఒకటి చేతిలోకి తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి కూర్చుంది. నేను కాఫీ కలిపి తెచ్చేసరికి, కుర్చీని గది వైపు వీపు ఉండేలా తిప్పుకుంది.

"ఇక్కడ నిన్నెవరూ పిలవరా?" అంది, సముద్రాన్ని చూస్తూనే.

"పిలవరు."

"అన్నం ఎప్పుడు వండుతావ్?"

"ఆకలేస్తే."

వినకూడని మాట విన్నట్టు చటుక్కున నావైపు తిరిగింది. తర్వాత చెప్పు తిరగేసి, అడుగున అంటించిన ధర చీటీని గోటితో మెల్లగా గీకింది.

"చీటీ పీకకుండా చెప్పులు తొడుక్కునే మగాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు ఇందాయ్."

 కర్కార్ నడిగదికి ఏ బట్టలు సర్దుకోవాలా అని అప్పటికే ఆలోచిస్తున్నాను. అంతలో ఆమె ఫోన్ మోగింది. అలవాటుగా స్పీకర్ నొక్కింది.

"పెద్దత్తా, ఉన్నాడా?" జెన్‌లిన్ గొంతు. వెనకాల పిల్లల ఏడుపు, కుక్క, టీవీ, ఎవరో ఎవరినో తిడుతున్న చప్పుడు.

అక్క ఫోన్ కేసి చూసింది. నీళ్ళకేసి చూసింది.

"ఉన్నాడు."

"ఎలా ఉన్నాడు?"

"పొడుగే. మరీ పొడుగు కాదు."

"ఏదీ, ఒకసారి ఇవ్వు."

"బాత్రూంలో ఉన్నాడే," అని కట్ చేసి, ఫోన్‌ని బుట్ట అడుగున, అరటిపళ్ళ కింద దాచింది.

కాఫీ చల్లారేదాకా ఇద్దరం సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాం. మా ఇద్దరి మధ్య అంత మౌనం ఎన్నడూ లేదు. నాకు భయం వేసింది కూడా. తర్వాత అక్క బేరం మొదలుపెట్టింది.

"శుక్రవారం శుక్రవారం సెబూలో బాలయేసు గుడికి మొక్కు ఉందని చెప్తా ఇంట్లో. ఇక్కడికొచ్చి కూర్చుంటా."

"దానికేంలే అక్కా, రా. నీకు గది ఇచ్చి నేను బాల్కనీలో—"

"నువ్వుంటే నేనెలా ఒంటరిగా ఉంటానే?" అంది, బుద్ధిలేని దాన్ని చూసినట్టు చూస్తూ. "నువ్వు కర్కార్ వెళ్ళు. మధ్యాహ్నం అన్నం ఎవరు వండుతారు? పిల్లల్నెవరు చూస్తారు?"

మిగిలిన రోజులు నావి. ఒప్పుకోక ఏం చేస్తాను?

మూడో శుక్రవారం. కర్కార్ వంటింట్లో నేల మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తున్నాను. ఒడిలో ఒక బిడ్డ, వీపు మీద ఇంకో బిడ్డ. ఆ బిడ్డలు ఎవరివో నాకు ఇంకా పూర్తిగా తెలియదు.

"ఆయనొక్కడే ఉన్నాడా పాపం?" అంది బెబాంగ్ పిన్ని.

"ఒక్కడే."

"మగమనిషిని అలా ఒంటరిగా వదిలేస్తారా? జెన్‌లిన్, సాయంత్రం దాకా నువ్వు వెళ్ళి తోడు కూర్చోరాదూ? ఈ బస్సందితే మధ్యాహ్నానికి అక్కడుంటావు."

జెన్‌లిన్ అప్పుడే జుట్టు దువ్వుకోవడం మొదలుపెట్టింది. నా వేళ్ళలో వెల్లుల్లి నలిగిపోయింది. అది వెళ్తే అక్కడ తలుపు తీసేది అక్క. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. టాకియా అక్క. పక్కకి వెళ్దామంటే ఆ ఇంట్లో పక్క అనేది లేదు. అక్కడే చెవికి గట్టిగా అదుముకున్నాను.

"ఇందాయ్," అక్క గొంతు నిద్రమత్తుగా, హాయిగా ఉంది. "రేపు కూడా ఉండిపోనా? మొక్కు రెండు రోజులని చెప్పేస్తాలే."

"కుదరదు." ఆ కంఠం నాదేనని నాకే నమ్మకం కలగలేదు. "చీకటి పడకముందే నా ఇంట్లోంచి బయటికి నడువు. ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. చనువిస్తే నెత్తికెక్కుతావా?"

ఫోన్ పెట్టేసేసరికి వంటింట్లో ఎవరి చేయీ కదలడం లేదు. జెన్‌లిన్ దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది.

"ఎవర్నత్తా? ఆయన్నా?"

"ఆయన్నే."

"ఇంట్లోంచి పొమ్మన్నావా?"

"ఈ మధ్య ఎప్పుడూ ఇదే గోల," అన్నాను.

పిన్ని మొహం విప్పారింది. గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, జెన్‌లిన్‌ని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"కూర్చోవే. అలా పోట్లాడుకుంటున్నారంటే ఇంక దిగుల్లేదు. మొగుడూపెళ్ళాల మధ్య మనమెందుకు?"