సీసా మీద పేరు

ఉషశ్రీకి ఒళ్ళు మండిపోతోంది. ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో ఆమె డాక్టరు. ఎవరి మూత్రంలో ఏ బ్యాక్టీరియా పెరిగిందో, దాన్ని ఏ మందు చంపుతుందో తేల్చి చెప్పడమే ఆమె పని. జిల్లాలో సగం మంది జ్వరాలు ఆవిడ చేతుల మీదుగా దారికొచ్చాయి గానీ, కన్నతండ్రి జ్వరం మాత్రం కొరుకుడు పడడం లేదు.

సూర్యప్రకాశరావుగారు పెంటపాడు పక్కన ఒక పల్లెలో రామాలయం అర్చకులు. డెబ్బై దాటాయి. షుగరుంది, ప్రోస్టేటు వాచింది, జ్వరంతో పాటు చలి కూడా మొదలైంది. ఆ వయసు మగవాళ్ళకి, అందులోనూ షుగరు ఉన్నవాళ్ళకి, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే అది కిందనే కూర్చోదు. కిడ్నీకి ఎక్కుతుంది, అక్కణ్ణించి రక్తంలోకి దిగుతుంది. అలా దిగిన వాళ్ళు ఎంతమంది ఇంటికి తిరిగి వెళ్ళలేదో ఉషశ్రీకి బాగా తెలుసు. ఆ భయమే ఆవిడకి కోపంగా బయటికొస్తోంది.

పరీక్షకి సీసా పంపిస్తే పెద్దాయన ముందు ససేమిరా అన్నారు. "స్వామిని తాకే చేతుల్తో ఆ సీసా పట్టుకోవడమా? పైగా దాన్ని కన్నకూతురు పరీక్ష చేయడమా? ఛీ!" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఉషశ్రీ ఫోనులో బతిమాలింది, కేకలేసింది. చివరికి తల్లి ఆండాళ్ళుగారు ఎలాగో సీసా పుచ్చుకుని, సోడాకొట్టులో అడిగిన ఐసుముక్కల మధ్య పెట్టుకుని, తాడేపల్లిగూడెంలో ఏలూరు బస్సెక్కింది. బస్సులో ఎవరికీ తగలకుండా చివరి సీట్లో ముడుచుకు కూర్చుని తెచ్చి కూతురికిచ్చింది.

అందులో ఈ.కోలై బ్యాక్టీరియా దండిగా పెరిగింది. ఏ మందుకు లొంగుతుందో చూసి ఆమె ఆసుపత్రిలోనే పనిచేసే జేమ్స్ డాక్టరుగారు మాత్రలు రాశారు. పెద్దాయన వాటిని వేసుకున్నారు. జ్వరం మాత్రం చెక్కుచెదరలేదు.

"మాత్రలు వేస్తున్నావా, ఆయన తలగడ కింద దాస్తున్నారా?" అని తల్లిని అడిగింది ఉషశ్రీ.

"అయ్యో, నా కళ్ళెదుటే మింగిస్తున్నానే అమ్మా!"

మందు లొంగదీయాల్సిన బ్యాక్టీరియా లొంగకపోతే తప్పు ల్యాబుదై ఉండాలి. తన ల్యాబు తప్పు చేసిందంటే ఉషశ్రీ తట్టుకోలేదు. పాత రిపోర్టులన్నీ ముందేసుకుని మొదటినుంచీ చూసుకుంటూ వచ్చింది. మామూలు మూత్రపరీక్ష కాగితం దగ్గర ఆగిపోయింది. షుగరు లేదు అని ఉంది. అదే రోజు రక్తంలో చూస్తే మూడొందలు దాటిన మనిషికి మూత్రంలో చక్కెర చుక్కయినా లేదట!

రక్తంలో అంత ఉంటే మూత్రంలోకి దిగి తీరాలి. వెంటనే కారు తీయించింది.

వెళ్ళేసరికి పెద్దాయన దుప్పటి కింద వణుకుతున్నారు. వంటింట్లో ఆండాళ్ళుగారు మడికట్టుకుని స్వామికి నైవేద్యం వండుతోంది. గుళ్ళో అర్చన పెద్దాయన అన్నగారబ్బాయి చేస్తున్నా ప్రసాదం మాత్రం ఈ ఇంట్లోంచే వెళ్ళాలి.

"అమ్మా, నిజం చెప్పు. ఆ సీసాలోది నాన్నగారిదేనా?"

ఆండాళ్ళుగారు గరిటె తిప్పుతూనే ఉంది. "ఏం చెయ్యనే? ఆయన ఇవ్వనన్నారు. నువ్వేమో అరుస్తున్నావు. ఒకే ఇంటి తిండి, ఒకే నీళ్ళు కదా, ఎవరిదైతే ఏమిటని... నాది పట్టాను."

ఉషశ్రీ అంతెత్తున లేచింది. "నువ్వు చేసింది ఏమిటో తెలుసా? నీ బ్యాక్టీరియాకి నాన్నగారు మందు మింగారు! ఆయన్ని పట్టిన బ్యాక్టీరియా ఏదో, అది ఎక్కడిదాకా పాకిందో దేవుడికే తెలియాలి!" అంటూ సీసా తీసుకుని తండ్రి మంచం దగ్గరికి వెళ్ళింది. "నాన్నగారూ, మీరు లోపలికి వెళ్ళి ఇది నింపి ఇస్తారా, లేకపోతే ఆసుపత్రిలో నలుగురు పట్టుకుని గొట్టం వేసి తీయాలా? ఎలాగూ ఇప్పుడే మిమ్మల్ని ఏలూరు తీసుకెళ్తున్నాను. ఏది నయమో మీరే చెప్పండి."

పెద్దాయన కూతురి మొహం చూశారు. ఆ మొహంలో కోపం కన్నా ఏడుపే ఎక్కువుంది. గోడ పట్టుకుని లేచి బాత్రూములోకి వెళ్ళారు. కాసేపటికి తలుపు సందులోంచి సీసా బయటికొచ్చింది. ఉషశ్రీ మూత బిగించి, దాని మీద తండ్రి పేరు, వయసు రాసి, ఐసులో పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది.

దండిగా పెరిగిన ఆ ఈ.కోలై ఇంకెక్కడిదో కాదు, అమ్మ ఒంట్లోది.

"అమ్మా, నీకు ఒంటికి వెళ్తుంటే మంటగా ఉంటోందా?"

"మంటా?" ఆండాళ్ళుగారికి ప్రశ్నే వింతగా తోచింది. "అది ఎప్పుడూ ఉండేదేగా. ఆడవాళ్ళకి మామూలే కదే."

"ఎప్పుడూ అంటే?"

"ఏమో. నైవేద్యం అయ్యేదాకా మళ్ళీ మళ్ళీ బాత్రూముకి వెళ్తే మళ్ళీ మళ్ళీ తలస్నానం చెయ్యాలి కదా. అందుకని పొద్దున్నే నీళ్ళు తాగను. వచ్చినా బిగబట్టుకుంటాను. నీ పెళ్ళికి ముందునుంచీ ఉన్నట్టే ఉంది." చెయ్యి కడుక్కుంటూ, మరేదో అడగబోయి మొహమాటపడింది. "ఆ మాత్రలు ఇంక ఆయనకి అక్కర్లేదు కదా. నాలుగున్నాయి. నేను వేసుకోనా? పారేయడం ఎందుకు?"

ఇంతసేపూ ఎవరిమీద కోప్పడాలో తెలిసిన ఉషశ్రీకి ఇప్పుడు తెలియలేదు. జ్వరం ఎంత, చలి ఎంత అని రోజూ ఫోను చేసింది. ప్రతిసారీ తీసింది ఆండాళ్ళుగారే. నీకెలా ఉందమ్మా అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

"నాలుగు చాలవమ్మా. నిన్నూ చూడాలి. నువ్వూ కారెక్కు."

"బాగానే ఉంది. నైవేద్యమో? చక్కెరపొంగలి ఇంకా దించలేదు. ముందు ఆయన్ని తీసుకెళ్ళు."

గుమ్మం పట్టుకుని నిలబడ్డ సూర్యప్రకాశరావుగారు అంతా విన్నారు. ఆయన పళ్ళు చలికి టకటక కొట్టుకుంటున్నాయి. పెళ్ళయిన నాటినుంచీ వేళకి నైవేద్యం అందలేదని భార్యమీద విసుక్కోవడమే తప్ప, ఆవిడ ఎలా అందిస్తోందో ఆయనెప్పుడూ ఆలోచించలేదు.

"పొయ్యి ఆర్పెయ్యి," అన్నారు.

"అదేంటండీ, స్వామికి..."

"ఈ పూటకి అన్నయ్య కొడుకు పండు నివేదిస్తాడు. నువ్వు ముందు గ్లాసుడు మంచినీళ్ళు తాగు. తరవాత బాత్రూముకెళ్ళిరా. నేను కార్లో కూర్చుంటాను."

ఆండాళ్ళుగారు భర్తనీ, పొయ్యినీ, కూతురినీ మార్చి మార్చి చూసింది. పొంగలి గిన్నె దించి గ్యాసు ఆపింది. మడిచీరతోనే బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుంది.