రెండు ఊపిర్ల ఎద్దు

సింగడి పొట్టలోంచి ఇనుపతీగ తీస్తుండగా వాడి ఊపిరి బయటికొచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. తవుడు వాసన వస్తోంది. జరిగి చోటిస్తున్నాను.

సింగడు మా ఎద్దు. గడ్డితోపాటు తీగ మింగాడు. పశువుల డాక్టరమ్మ వాడి మూతికి గొట్టం తగిలించి ఉంది.

"తిమ్మిరి మందుకి ఊపిరి లోపలే ఉంటుంది," అంటోంది. "సూది మత్తుకి గుమ్మం దాకా వస్తుంది. గాలి మత్తుకి ఊరు దాటుతుంది. తీగ లోతుగా ఉంది, గాలి మత్తే ఇచ్చాను."

"మరి తిరిగెలా వస్తుందమ్మా?" మా ఆవిడ అచ్చియ్యమ్మ అడుగుతోంది.

"ఇంటిమనిషి పేరు పెట్టి పిలవాలి."

ఊపిరి లేచి పోతోంది. గది దాని వెనకే సాగుతోంది. తలుపు ఇప్పుడు అర మైలు అవతల ఉంది. కుడిపక్కకి పడుకున్న సింగడికి కిందివైపు ఊపిరితిత్తి మడిచిన గోనెసంచిలా అణిగింది. పైదొక్కటే కదులుతోంది, అదీ అప్పుడప్పుడు.

"సింగా," అంటోంది అచ్చియ్యమ్మ. గట్టిగా కూడా కాదు. ఊపిరి పరుగున వచ్చి ముక్కులో దూరుతోంది.

మా పెళ్ళై ఇరవైరెండేళ్ళు. ఆమె నోట నా పేరు వినలేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని వాళ్ళమ్మ చెప్పింది. ఓటర్ల లిస్టు వాళ్ళొస్తే పక్కింటామె చేత చెప్పిస్తుంది. ఎద్దు పేరు మాత్రం రోజుకి నలభైసార్లు. కుడితి పెడుతూ, గిట్టలు కడుగుతూ, ఊరికే కూడా.

"నాకూ ఇవ్వండి మత్తు," అంటున్నాను డాక్టరమ్మతో.

"నీకేమైంది?"

"తీగ మింగాను."

డాక్టరమ్మ నా పక్కటెముకలు తట్టి చూస్తోంది. "ఔను. తుప్పు కూడా పట్టింది. ఏ మత్తు?"

"ఊరు దాటేది."

"ఎద్దుతో పోటీ ఏంటయ్యా నీకు," అంటోంది అచ్చియ్యమ్మ.

గొట్టం నా మూతికి మారింది. నా ఊపిరి చుట్ట వాసనతో లేచి పోతోంది. నేను దాంతోనే ఉన్నాను. తలుపు రెండు మైళ్ళయింది.

"ఇదిగో," వెనక ఆమె గొంతు. "ఏమయ్యోయ్. నిన్నేనయ్యా."

లోకంలో ఏమయ్యలు చాలామంది. నేను ఆగడం లేదు.

"పేరమ్మా, పేరు. తిత్తులు రెండూ అణుగుతున్నాయి."

"పలికితే ఆయుష్షు తరుగుద్దండీ."

"పలక్కపోతే ఇప్పుడే అయిపోద్ది."

అచ్చియ్యమ్మ వంగి సింగడి చెవిలో ఏదో చెబుతోంది. ఇంత దూరానికి పెదాలు కనిపిస్తున్నాయి, మాట వినపడడం లేదు. ఆమె నోట నా పేరు మొదట విన్నది ఆ ఎద్దే.

సింగడు తలెత్తి "పోలయ్యా" అంటున్నాడు. పలకడం బాగానే ఉంది.

పిలిచినవాడి దగ్గరికే పోవాలి. పరుగున వచ్చి వాడి ముక్కులో దూరుతున్నాను.

లోపల వెచ్చగా ఉంది. సింగడి ఊపిరి జరిగి చోటిస్తోంది. బయట అచ్చియ్యమ్మ ఎద్దు పక్కటెముకల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఉన్న వైపుకి ఇద్దరం తోసుకుంటున్నాం. ఎద్దు ఉబ్బుతోంది. ఒళ్ళు బల్లని విడిచింది. ఆసుపత్రి కప్పు పక్కకి తప్పుకుంటోంది.

అచ్చియ్యమ్మ పలుపు కొస పట్టుకుని కింద నిలబడి ఉంది. ఎవరి పేరు పిలిస్తే ఆ ఒకరం దిగుతాం. ఆమె నోరు తెరుస్తోంది.