నీలిపాడు బస్టాండు

పరంజ్యోతి టీచరుకు పంతం ఎక్కువ. నంద్యాలలో పిల్లలకు ఎక్కాలు చెప్పీ చెప్పీ రిటైరైన మనిషి. ఎప్పుడైనా తన లెక్క తప్పితే బోర్డునే అనుమానంగా చూసే రకం. ఆమెకు ఒక చెల్లెలుంది, అరుణకుమారి. ఉండేది ఆళ్ళగడ్డలో. పంతంలో అక్కకు ఏమాత్రం తీసిపోదు. రెండూళ్ళ మధ్య బస్సులకు కొదవ లేదు గానీ, వేసవి నుంచి ఈ ఇద్దరి మధ్య మాటల్లేవు.

గొడవ అమ్మ సమాధి గురించి. వాళ్ళమ్మ లూదియమ్మ పెద్దకూతురి ఇంట్లో మంచాన పడినప్పుడు అరుణ వచ్చి దగ్గరుండి చూసుకుంది. అక్క వండితే చెల్లెలు తినిపించేది. సాయంత్రమైతే ముగ్గురూ కలిసి ‘నీలిపాడు’ సీరియల్ చూసేవాళ్ళు. అందులో ఒక తెల్లవారుజామున నీలిపాడు అనే చిన్న ఊరి చుట్టూ మంచు కమ్ముకుంటుంది. ఇక విడిపోదు. ఊళ్ళోంచి బయల్దేరిన బస్సు పోయి పోయి మళ్ళీ ఆ ఊరి బస్టాండుకే వచ్చి ఆగుతుంది. ఫోన్లు మోగుతాయి గానీ అవతల ఎవరూ పలకరు. ఎందుకిలా అయిందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. రాసినవాడికి కూడా తెలియదని పరంజ్యోతి అనుమానం. లూదియమ్మ మాత్రం మంచంలోంచి రోజూ ఒకటే అడిగేది.

“వాళ్ళు బయటపడతారంటావా మ్మే?”

అది తెలుసుకోకుండానే ఆమె కన్నుమూసింది.

ఆళ్ళగడ్డ సమాధుల తోటలో, నాయన పక్కన పెడదామని అరుణ. ఇన్నేళ్ళూ నా దగ్గరుంది, నంద్యాలలోనే ఉంటుందని పరంజ్యోతి. పెద్దకూతురి మాటే నెగ్గింది. మట్టి వేసి ఇంటికొచ్చాక అరుణ కంచం ముందు కూర్చోలేదు. చేతిసంచి తీసుకుని బస్టాండుకు వెళ్ళిపోయింది. వెళ్తూ ఒక్క మాట తిట్టినా బాగుండేది, తిరిగి ఒక మాట అనడానికైనా ఉండేది.

చలికాలం వచ్చింది. పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురిల్లు కనబడదు, నల్లమల వైపు కొండలు కనబడవు. రైలు కూత వినిపిస్తుంది గానీ అది వస్తోందో పోతోందో తెలియదు. చేతిలో టీ గ్లాసుతో గడపలో నిలబడి పరంజ్యోతి ఆ తెల్లదనంలోకి చూసేది. ఈ మంచు విడిపోయాక కనబడేది నంద్యాలేనా అని ఒక్కోసారి అనుమానం వచ్చేది.

అలాంటి రోజుల్లోనే ఒక సాయంత్రం, సీరియల్ పాట మొదలవుతుండగా ఫోను మోగింది. తెలియని నంబరు. చేతినిండా జొన్నపిండి. చిటికెన వేలితో నొక్కి, “ఎవురూ?” అంది. జవాబు లేదు, సన్నగా ఊపిరి మాత్రం. విసుక్కుని, ఫోనును మోచేత్తో టీవీ బల్ల మీదికి నెట్టేసి రొట్టెలు తట్టుకుంది. సీరియల్ అయిపోయాక చూస్తే కాల్ ఇంకా నడుస్తూనే ఉంది. ముగింపు పాట ఆగగానే కట్టయింది. మర్నాడూ అంతే.

“ఏందీ టీచరమ్మా, అచ్చం నీలిపాడు ఫోన్లే!” అని నవ్వింది షబానా. పక్కింట్లో బట్టలు కుడుతుంది. తన ఇంట్లో పిల్లలు రిమోట్ వదలరని సీరియల్ టైముకు ఇక్కడికి వస్తుంది.

ఆ తర్వాతి రోజు సీరియల్లో ఎవరూ మాట్లాడని ఘట్టం వచ్చింది, ఉత్త మంచు. ఆ నిశ్శబ్దంలో ఫోనులోంచి చిన్న చప్పుడు వినబడింది. రాతి మీద ఉలి దెబ్బలు. ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగి. పరంజ్యోతి చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆళ్ళగడ్డలో అరుణ ఇల్లు విగ్రహాలు చెక్కేవాళ్ళ వీధిలోనే. ఆ ఇంట్లో టీవీ లేదు. అరుణ మామ చర్చిలో సంఘపెద్ద, టీవీని సైతాను పెట్టె అనేవాడు. ఆయన పోయినా ఆ మాట ఇంట్లోంచి పోలేదు. కొత్త నంబరు తీసుకుందో, పక్కింటివాళ్ళ ఫోనో గానీ, అటువైపు గొంతు నొక్కుకుని వింటున్నది అరుణే.

“అరుణా” అంటే సరిపోయేది. కానీ ముందు తనెందుకు అనాలి? అంటే మాత్రం, ఉలిక్కిపడి ఫోను పెట్టేస్తే? రేపు అసలు చేయకపోతే? పరంజ్యోతి రిమోట్ తీసుకుని సౌండు పెంచింది. అంతే చేసింది.

మర్నాటి నుంచి ఫోనుకు టీవీ ముందు ఒక పీట వేసింది. సౌండు ఒక్కటే చాలదని తోచి, చూస్తున్నదంతా గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది.

“ఆ పోస్టుమేను మంచులోకి పోతాండాడు. చేతిలో లాంతరుంది. ఒరే, వద్దురా!”

“ఎవురితో మాట్లాడతాండావ్ టీచరమ్మా?” అంది షబానా.

“టీవీతో.”

ఒకరోజు నీలిపాడు బస్టాండులో జనాన్ని చూపించారు. వెనక బెంచీ మీద తెల్లచీరలో ఒక ముసలామె, ఒళ్ళో సంచి. ఏదో గుంపులో మనిషి, మాటల్లేని వేషం. పరంజ్యోతి నోట మాట తనకు తెలియకుండానే వచ్చింది.

“అమ్మ మాదిరే ఉంది. చెంగు అట్లనే చెవెనక్కి దోపుకొనింది.”

ఫోనులో ఊపిరి ఆగి, మళ్ళీ మొదలైంది.

అప్పటినుంచి కథ ఎటుపోతేనేం, ఆమె వెతికేది ఆ ముసలామెనే. కనబడితే “ఉంది, కూసోనుంది” అనేది. కనబడకపోతే ఏమీ అనేది కాదు, అటువైపు ఊపిరి బరువెక్కేది. నిద్రలో కూడా పరంజ్యోతి ఆ బస్టాండుకు వెళ్ళేది. మంచులోంచి ఉలి చప్పుడు వస్తుండేది. బెంచీ మీద అమ్మ తల తిప్పి, “బస్సు వస్తాదంటావా మ్మే?” అనేది. జవాబు చెప్పేలోపు మెలకువ వచ్చేసేది.

అంతలో సీరియల్ ముగుస్తోందని చెప్పారు. అది లేకపోతే ఇక ఈ ఫోను ఎందుకు మోగుతుంది? పిలవడానికి వంకా ఉండదు, పలకడానికి వంకా ఉండదు. ఇద్దరూ ఇంతే, ఇట్లాగే ముసలివాళ్ళై పోతారు.

చివరి రోజు షబానా రాలేదు, పెళ్ళిబట్టలు కుట్టాలంది. పాటతో పాటే ఫోను మోగింది. పరంజ్యోతి పీట పక్కనే నేలమీద కూర్చుంది.

“మంచు పలచబడతాంది. రోడ్డు కనపడతాంది. బస్సు స్టార్టయింది. అందరూ తోసుకోని ఎక్కుతాండారు. అమ్మ... ఆ ముసలామె లేసింది. సంచి తీసుకొనింది. డోరు కాడికి వస్తాంది, ఆ కండక్టరు చెయ్యి...”

కరెంటు పోయింది.

టీవీ నల్లబడింది. వీధి మొత్తం చీకటి. ఫోను తెర ఒక్కటే పీట మీద వెలుగుతోంది. అటువైపు ఉలి చప్పుడు కూడా లేదు.

“అక్కా!” అంది ఫోను. “ఏమాయ? అక్కా, అమ్మ బస్సెక్కిందా?”

ఎన్నాళ్ళకు విన్న గొంతు! పరంజ్యోతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫోను తీసి చెవికి ఆనించుకుంది.

“ఎక్కింది.”

“సీటు దొరికిందా?”

“దొరికింది. కిటికీ పక్కన.”

“యాడికి పోతాందంట?”

పరంజ్యోతి నల్లబడిన తెర వైపు చూసింది.

“ఆళ్ళగడ్డకు. నాయన దగ్గరికి పోతాదంట. నేనే పోనీకుండా పట్టుకుంటినే అరుణా. ఇన్నేళ్ళూ నాకాడే ఉండె గదా, వదలబుద్ధి కాలే.”

అటువైపు ఏడుపు. ఆపుకుంటూ, ఆపుకోలేక. “నీకాడే బాగుండె లే అక్కా. ఆ మాట చెప్దామంటే నాకే నోరు రాల్యా.”

“ఆ పొద్దు తినకుండా పోతివి. రేపు పొద్దున బస్సుకు నేనొస్తాండా. వండిపెట్టు, ఇద్దరం తిందాం.”

వీధిలో పిల్లలు కేక పెట్టారు. కరెంటు వచ్చింది. టీవీ మీద ఎర్రదీపం వెలిగింది, తెర మెల్లగా తెల్లబడుతోంది. సౌండు వినబడిందో ఏమో, అరుణ ముక్కు ఎగబీల్చి, “కరెంటు వచ్చినట్టుందే. ఏమాయనో చూడక్కా” అంది.

పరంజ్యోతి చెయ్యి చాచి ప్లగ్గు పీకేసింది.

“ఇంగా రాలేదులే” అంది. “నువ్వు మాట్లాడు.”