సీలు మీద రంగు

తనిఖీకి వచ్చేవాళ్లు మన శుభ్రత చూసి ముచ్చటపడాలన్నది డైరెక్టరుగారి సిద్ధాంతం. అందుకని అణు జలాంతర్గామి ఇంధనం దాచిన గోదాముకు రంగులు వేయించమన్నాడు. స్టోర్స్ ఆఫీసరు నోరు ఊరుకోక తన బావమరిది పేరు చెప్పాడు. బావమరిది పనిరాక్షసుడు. గోడలు, తలుపు, తలుపు గొళ్లెం, గొళ్లేనికి వేలాడుతున్న అంతర్జాతీయ తనిఖీ సంస్థ సీలు, దేన్నీ వదలకుండా తెల్లగా కొట్టేశాడు.

సీలును చూడగానే ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు. ఆ యురేనియం జలాంతర్గామిని నడపడానికే గానీ బాంబులకు పోదని దేశం నలుగురి ముందూ మాటిచ్చింది. ఆ మాటకు సాక్ష్యం ఈ బుల్లి లోహపు బిళ్లే.

"మరీ మాసిపోయినట్టుంటే దీనికి రెండు కోటింగులు వేశా బావా," అన్నాడు బావమరిది, మెచ్చుకుంటాడేమోనని చూస్తూ.

"నా కొంప ముంచావు కదరా!"

డైరెక్టరు తాపీగా రంగు కరిగించే థిన్నరు డబ్బా అందించాడు. "గుడ్డతో తుడిచెయ్యవయ్యా. రేపు తనిఖీ అయితే ఎల్లుండి ఇంధనం ఎక్కించేస్తాం. సముద్రం అడుక్కి వెళ్లాక ఎవడొచ్చి చూస్తాడు? ఆలస్యమైందో, నీ ఉద్యోగం ఊడినట్టే."

ఆఫీసరు గుడ్డ తడిపాడు. సీలు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. బిళ్ల మీద కొత్త గీత ఒక్కటి పడినా ఎవరో తెరిచారనే అనుకుంటారు. ఆ తర్వాత తాను ఎన్ని ఒట్లు వేసినా దండగే. మనిషి వట్టి పిరికివాడు, కానీ ఆ రోజు ఆ పిరికితనమే మేలు చేసింది. గుడ్డ అవతల పారేశాడు.

మర్నాడు వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మకు గడగడా చెప్పేశాడు. "రంగేసింది మా బావమరిదండీ. తెలివి తక్కువే గానీ దొంగ కాడు. సరుకంతా లోపలే ఉంది."

"నమ్ముతున్నానండీ," అందావిడ. "కానీ నాకు జీతమిచ్చేది నమ్మడానికి కాదు. తలుపు తెరవండి, అంతా మళ్లీ కొలవాలి."

డైరెక్టరు మొహం మాడిపోయింది. ఇంధనం ఎక్కించడం కాస్తా వాయిదా పడింది. ఆయన అక్కడికక్కడే ఆఫీసరు చేతిలోంచి తాళాలు లాక్కున్నాడు.

కొలతలు సాగినంతకాలం ఆఫీసరు వరండాలోనే పడిగాపులు పడ్డాడు. చివరి ఇంధన కడ్డీ కూడా సరిపోయిందని ఇన్‌స్పెక్టరమ్మ బయటికొచ్చి చెప్పగానే బావురుమన్నాడు.

"ఉద్యోగం పోయిందనా బావా?" బావమరిది బిక్కమొహం వేశాడు.

"అది ఎలాగూ పోయిందిలేరా. సీలు వేశాకే కదా నాకు తాళాలిచ్చారు! సరుకు లోపలుందని ఇన్నేళ్లూ లోకానికంతా చెప్పానే గానీ, నేను మాత్రం ఎప్పుడు చూశాను?"