గంగ్‌జిన్ పెద్దమ్మ ఇంటి ఉప్పు

కొరియా దక్షిణపు కొసన, మా హేనమ్‌లో ఎవరింటి ఉప్పు వాళ్లదే. చలికాలానికి కిమ్‌చీ ఊరబెట్టే రోజుల్లో వీధి ఆడవాళ్లమంతా ఒకరింటికొకరం సాయం వెళ్తాం. క్యాబేజీలు కడుగుతాం, ఆకు ఆకుకీ కారం పూస్తాం, నడుములు పడిపోయేదాకా చాకిరీ చేస్తాం. కానీ ఉప్పు సరిపోయిందా లేదా అన్న మాట మాత్రం ఆ ఇంటి ఆడమనిషే అనాలి. పొరుగింటిది నోరెత్తకూడదు. ఈ పద్ధతి పెట్టినవాళ్లెవరో గానీ, నా కంటబడితే దులిపేస్తాను.

గంగ్‌జిన్ పెద్దమ్మకు ఎనభై రెండేళ్లు. ఆ ఇంట్లో ఉప్పు చూసే పని పదేళ్ల కిందటే కోడలు ఇమ్‌సూన్ చేతికి వచ్చింది. వాళ్లు పెట్టే నూట ఇరవై క్యాబేజీలూ నాలుగు కుటుంబాలు వసంతం దాకా తినాలి. ఇమ్‌సూన్ నాలుక తప్పిందంటే ఆ నాలుగిళ్లకూ చలికాలమంతా వట్టి అన్నమే.

ఆ ఇమ్‌సూన్ మార్చి నెల నుంచి పచ్చితిండిలో పడింది. కొండమీద ఎవరో గురువుగారు చెప్పాడట, నిప్పు తగిలింది తినొద్దు, ఉప్పు ముట్టొద్దు అని. అబద్ధమెందుకు, మనిషి బాగుపడింది. కాళ్ల వాపులు తగ్గాయి, మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది. అందుకే నేనేమీ అనలేదు.

కిమ్‌చీ దగ్గరే పేచీ వచ్చింది.

"కిమ్‌చీని పొయ్యి మీద పెట్టామా ఏంటి? అదీ పచ్చిదే కదే!" అంది పెద్దమ్మ.

"అందులో జావ కాచి కలుపుతాం కదత్తమ్మా. పైగా ఉప్పు. ఉప్పు ఆకులో ఉన్న ప్రాణాన్ని పీల్చేస్తుందంట. గురువుగారు చెప్పారు."

"ప్రాణం లేదా? ఓసారి జాడీ మూత తీసి చూపించు ఆయనకి. పొయ్యి లేకుండా బుడబుడా పొంగుతుంటే అది చచ్చిందెట్టా అవుతుంది? ఆయనకంటే అదే హుషారుగా ఉంటుంది."

నేను పడీపడీ నవ్వాను. ఇమ్‌సూన్ నవ్వలేదు. గిన్నెడు పచ్చి ఆకులు ముందేసుకుని మేకలా నములుతూ కూచుంది.

నవంబరు చివర్లో వాళ్లింట్లో పని మొదలైంది. ముందురోజు ఉప్పునీళ్లలో వేసిన క్యాబేజీని మూడుసార్లు కడగడం మామూలు. ఇమ్‌సూన్ ఆకు చివర కొరికి మొహం చిట్లించింది.

"అబ్బా, ఒకటే ఉప్పు! ఇంకోసారి కడగండి."

కడిగాం.

"ఊహూ. ఇంకోసారి."

ఐదుసార్లయింది. నేనొక ఆకు మొదలు వంచి చూశాను. పుటుక్కున విరిగింది. ఉప్పు పట్టిన ఆకు విరగదు, వంగుతుంది. కారం కలిపేటప్పుడు ఉప్పుచేపల రసం కూడా సగమే పోయనిచ్చింది. ఎనిమిది నెలలుగా ఉప్పు ఎరగని నాలుక, దానికి చిటికెడు తగిలినా ఎక్కువే.

మధ్యాహ్నం తక్కినవాళ్లు ఇళ్లకెళ్లాక, ఉడికిన పంది మాంసం ముక్క ఒకటి ఆ కొత్త కిమ్‌చీలో చుట్టుకుని నోట్లో పెట్టుకున్నాను. చప్పగా ఏడ్చింది. పెద్దమ్మ వైపు చూశాను. ఇప్పుడు చెప్పాల్సింది ఆవిడే. ఆవిడ కూడా ఒక ముక్క నోట్లో వేసుకుని, కోడలి మొహంకేసి చూస్తూ నమిలి, "భేషుగ్గా కుదిరింది," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. కోడలంటే ఇంత భయమా అనుకున్నాను. ఇంటికెళ్లి మా ఆయన ముందు ఆవిణ్ణి అనుకరించి ఎకసెక్కాలు కూడా ఆడాను.

జనవరిలో ఒకరోజు పొద్దున్నే ఇమ్‌సూన్ గోడ మీంచి కేకేసింది. వెళ్లేసరికి జాడీల మూతలన్నీ తీసి ఉన్నాయి. పైన తెల్లటి బూజు. కింద ఆకు, పట్టుకుంటే చేతిలోనే చితికిపోతోంది. వాసన సంగతి చెప్పక్కర్లేదు. ఒక జాడీ కాదు, అన్నీ అంతే. ఇమ్‌సూన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

లోపల పెద్దమ్మ, తనే తీసి పెట్టుకున్న ఆ కిమ్‌చీతోనే అన్నం తింటోంది.

"ఎలా ఉంది పెద్దమ్మా?" అన్నాను.

"బాగా ఊరింది. రా, కూచో, ఒక ముద్ద తిందువుగాని."

"అత్తమ్మా, అది కుళ్లిపోయింది," అంది ఇమ్‌సూన్.

పెద్దమ్మ చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. "అలాగా," అంది. చెంచా కింద పెట్టేసింది.

"మూడేళ్లయిందే. వాసన తెలీదు, రుచి తెలీదు. ఏం తిన్నా కాగితం నమిలినట్టే ఉంటుంది. నువ్వు తలూపితే నేనూ తలూపేదాన్ని. చెబితే వంటింట్లోకి రానివ్వరేమోనని..."

నాకు సిగ్గేసింది. ఆ రోజు మా ఆయన ముందు ఆడిన ఎకసెక్కాలన్నీ గుర్తొచ్చాయి.

ఇమ్‌సూన్ అత్తగారి ముందున్న గిన్నె తీసి పక్కన పెట్టింది. "మీ కిమ్‌చీ ఒక ముక్క తెచ్చిపెట్టక్కా," అంది నాతో. తెచ్చాను. చీల్చి నోట్లో పెట్టుకుంది. కళ్లంట నీళ్లు కారాయి.

"చచ్చేంత ఉప్పు," అంటూనే ఇంకో ముక్క తీసుకుంది.

"వద్దే తల్లీ, మళ్లీ కాళ్లు వాస్తాయి," అని పెద్దమ్మ దాని చెయ్యి పట్టుకుంది.

"రోజుకో ముక్కకి ఏం కాదులే. మిగతాదంతా పచ్చిదే తింటాను. మీకు పెట్టేది ఎలా ఉందో నాకైనా తెలియాలి కదత్తమ్మా."

ఇక అక్కడ కూచోలేక లేచాను. గుమ్మం దాటుతుంటే ఇమ్‌సూన్ పిలిచింది.

"అక్కా, ఆ రోజు నీకు తెలిసింది కదూ?"

"తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"మీ ఇంటి ఉప్పు నేనెలా చెబుతానే?"

"ఆ పూట ఈ ఇంట్లో రుచి తెలిసిన నోరు నీదొక్కటే. దాన్ని కాస్తా మూసుకుని కూచున్నావు."

ఇంటికెళ్లి, మా కిమ్‌చీ జాడీల్లో అన్నిటికంటే పెద్దది తోపుడుబండి మీద పెట్టుకుని మళ్లీ వాళ్లింటికి వచ్చాను.